ప్రథమ ఫలాల బీరువా

సంతాప సభ ఫ్లెక్సీ మీద ఆమె కుడి భుజం పక్కన తెల్లటి కండువా అంచు ఒకటి కనిపిస్తుంది. చూసినవాళ్లు ఆమె చీర చెంగే అనుకుంటారు. కాదు. అది మా కామర్స్ లెక్చరర్ మామ కండువా. ఆ ఫొటో ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే తీసింది నేనే. ముప్పై ఏళ్లు మా కాలేజి లైబ్రరీలో కూర్చున్న మనిషి చనిపోతే, ఫ్లెక్సీ మీద వేయడానికి ఇంకో ఫొటో దొరకలేదు. దొరికిన ఒక్కటీ దొంగ ఫొటో.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే నేనేదో ఆమెకు మేలు చేస్తున్నట్టు ఉంటుంది. అందరికీ ఆమె లైబ్రరీ మేడం. పొట్టి మనిషి. నూలు చీరలు తప్ప కట్టగా చూడలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని కొత్తగా వచ్చిన లెక్చరర్లు ఎవరైనా అడిగితే "అడిగినోడు లేడు" అని ఆ ముచ్చట అక్కడే తెంపేసేది. మనూర్ అవతల ఆమె అన్న వాళ్ల ఊరు. రోజూ అక్కడి నుంచే షేర్ ఆటోలో వచ్చేది, డ్రైవర్ పక్కన సీటు తప్ప ఇంకెక్కడా కూర్చునేది కాదు.

నారాయణఖేడ్‌లో మాది మిషన్ వాళ్లు పెట్టిన డిగ్రీ కాలేజి. చర్చి, హాస్టలు, కాలేజి మూడూ ఒకే ప్రహరీలో ఉంటాయి. లైబ్రరీ అంటే పొడుగాటి గది ఒకటి, పదిహేను ఇనుప బీరువాలు. పొద్దున తాళం తీయగానే ఆమె చేసే మొదటి పని, ఒక్కో బీరువాను అరచేత్తో మూడుసార్లు తట్టడం. చివరి బీరువా దాకా అలా తట్టుకుంటూ పోయాకే తలుపులు తెరిచేది. ఎందుకని అడిగితే "బల్లులకు చెప్పొద్దా?" అనేది. మధ్యాహ్నం జొన్న రొట్టె వరండాలో నిలబడి తినేది, లోపల తింటే చీమలు వస్తాయని. స్టాఫ్ మీటింగు లైబ్రరీలో పెట్టుకుని చాయ్ తెప్పించిన ప్రిన్సిపాల్‌ను అందరి ముందే ఆపేసింది.

"చాయ్ బయట తాగుండ్రి సార్. మాట్లాడేది లోపల మాట్లాడుండ్రి. రెండు ఒక్క తాన్నే గావాల్నా?"

ప్రిన్సిపాల్ నవ్వి కప్పు పట్టుకుని బయటికి వెళ్లాడు. ఆ మాట ఆయన మరిచిపోలేదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఇక ఆమె గురించి ఖేడ్‌లో అందరూ చెప్పుకునేది వాసన సంగతి. తిరిగి ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆమె వాసన చూసి తీసుకునేది. నడిమి పేజీ తెరిచి, ముక్కు ఆనించి, కళ్లు మూసుకునేది. తర్వాత తీర్పు.

"పొయ్యి కాడ కూసోని చదివినవ్. పొగ కండ్లకు మంచిది గాదు, వాకిట్ల కూసో."

"గిది మేకల కొట్టంల పెట్టినవ్ గదరా. ఇంట్ల జాగ లేదా?"

వాసన రాకపోతే మాత్రం పుస్తకం తీసుకునేది కాదు. "దీనికి మీ ఇంటి వాసన పట్టలే. మల్ల తీస్కపో," అని వెనక్కి తోసేది. హుషారు పోరగాళ్లు కొందరు అట్టకు కొబ్బరి నూనె పూసి, పొయ్యి పొగ పట్టించి తెచ్చేవాళ్లు. "పైన పట్టింది, లోపల పట్టలే," అనేది. మేము బయటికొచ్చి పడీ పడీ నవ్వేవాళ్లం. కానీ రెండోసారి తీసుకుపోయిన పుస్తకాన్ని ఎంతో కొంత చదవక తప్పేది కాదు. ఆ రకంగా మా బ్యాచ్‌లో సగం మంది ఆమె ముక్కుకు భయపడి చదివినవాళ్లమే.

కిటికీ పక్కనున్న బీరువా మాత్రం వేరు. దాని పేరు ప్రథమ ఫలాల బీరువా. ఆ పేరు పెట్టిందీ ఆమే.

మా చర్చిలో కోత పండుగకు పొలమున్నవాళ్లు కందులు, జొన్న కంకులు, కోళ్లు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. తొలి పంట దేవునిది. పొలం లేనివాళ్లు ఉత్త చేతులతో వచ్చి వెనక కూర్చుంటారు, మా సంఘంలో వాళ్లే ఎక్కువ. ఒక ఏడు ఆమె ఆ వెనక వరుసల దగ్గరికి వెళ్లి కాలేజి పిల్లలతో అన్నదట, "పొలం లేనోల్లకు పంట లేదా? పాసైన పుస్తకమే మీ పంట. తెచ్చి పెట్టుండ్రి." అప్పటి నుంచి డిగ్రీ రిజల్ట్ వచ్చాక వచ్చే మొదటి ఆదివారం, పాసైన పిల్లలు తమ పాఠ్యపుస్తకాలు తెచ్చి దేవుని బల్ల మీద పెట్టేవాళ్లు. పాస్టర్ ప్రార్థన చేసేవాడు. ముస్లిం పిల్లలు, బజార్లో దుకాణాలున్న కన్నడం వాళ్ల పిల్లలు చర్చిలోకి రావడానికి మొహమాటపడితే ఆమే గేటు దగ్గర నిలబడి రెండు చేతులు చాపేది. సోమవారం అవన్నీ కిటికీ పక్క బీరువాలోకి చేరేవి. పాత చర్చి క్యాలెండర్లు చించి అట్టలు వేసేది. కొనలేని పిల్లలు సెట్టుకు సెట్టు తీసుకుపోవచ్చు. లైబ్రరీ పుస్తకానికి పదిహేను రోజుల గడువు. ఆ బీరువా పుస్తకానికి పాసయ్యేదాకా గడువు. పాసయ్యాక మళ్లీ ఆ ఆదివారం తెచ్చి బల్ల మీద పెట్టాలి, అంతే.

ఆ పుస్తకాలకు ఆమె కాలేజి ముద్ర వేయలేదు. నంబరు ఇవ్వలేదు. రిజిస్టరులో ఎక్కించలేదు. నేను చదువుకునే రోజుల్లోనే ఒకసారి అడిగాను.

"దేవునికిచ్చినయ్ బిడ్డా. కాలేజి ముద్ర ఎట్ల గొడ్త? గొడితే కాలేజియి అయితయ్. రేపు ప్రిన్సిపాల్ మారుతడు, మేనేజ్‌మెంట్ మారుతది. దేవుడు మారడు."

ఆ మొండితనమే చివరికి కొంప ముంచింది. ఆమె మీద నాకు కోపం వచ్చే విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే. లోకం తీరు తెలియని కొద్దిమంది మాత్రమే ఇలాంటి తప్పు చేస్తారు. దేవుడి దగ్గరున్న వస్తువును ఎవరూ ముట్టుకోరని నమ్మడం.

నా సంగతీ చెప్పాలి. మాది సిర్గాపూర్ దగ్గర పల్లె. పంట చేతికొచ్చే పొలం లేదు కనుక అమ్మానాన్న ఏడాదిలో సగం రోజులు హైదరాబాద్‌లో కట్టే ఇళ్ల దగ్గర ఉండేవాళ్లు. సెలవులకు నేనూ అక్కడికే వెళ్లేవాణ్ని. ఇసుక కుప్ప పక్కన కూర్చుని చదివిన పుస్తకం ఒకటి తిరిగిచ్చినప్పుడు ఆమె వాసన చూసి తలెత్తింది.

"సిమెంటు వాసనొస్తుంది. పట్నం పోయినవా?"

"అమ్మ నాయిన అక్కడున్నరు మేడం."

"అక్కడ గూడ తెరిచినవన్నట్టు."

కిటికీ పక్కకు తీసుకుపోయి నాలుగు పుస్తకాలు తీసి నా చేతిలో పెట్టింది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం, తెలుగు. నాలుగింటికీ క్యాలెండరు అట్టలు. చరిత్ర పుస్తకం లోపలి పేజీలో నాకంటే ముందు చదివిన ఏడుగురి పేర్లు, వాళ్ల ఊళ్లు ఉన్నాయి. అంచుల్లో పెన్సిల్ రాతలు. 'ఇది రెండుసార్లు అడిగిండ్రు.' 'ఈ పేజీ అర్థం గాకపోతే ముందు వెనుక పేజీ చదువు.' మాకు ట్యూషన్లు లేవు, గైడ్లు లేవు. ఆ ఏడుగురే నా ట్యూషన్. కింద నా పేరు రాసుకున్నాను. పాసయ్యాను. పీజీ ప్రవేశ పరీక్షకు పనికొస్తాయని నాలుగూ హైదరాబాద్ తీసుకుపోతూ, "రిజల్ట్ ఆదివారం తెస్త మేడం," అన్నాను.

తేలేదు. ఆ ఏడు పరీక్ష అడ్డమొచ్చింది. మరుసటేడు సిగ్గు అడ్డమొచ్చింది.

కొన్నేళ్లకు అదే కాలేజిలో చరిత్ర లెక్చరర్‌గా చేరాను. మొదటి రోజు లైబ్రరీకి వెళితే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"రండి సార్."

"నేను మీ దగ్గర చదువుకున్నోణ్నే మేడం."

"ఎరికే సార్."

కిటికీ పక్క బీరువాలో రెండో అరలో నాలుగు పుస్తకాలు పట్టేంత ఖాళీ ఉంది. పక్క పుస్తకాలు ఒరిగిపోకుండా ఒక అట్టముక్క నిలబెట్టి ఉంది. తెలియనట్టు అడిగాను, ఇదేంది మేడం అని. "ఒకాయనయి రావాలె," అని దుమ్ము దులపడానికి పోయింది.

ఆ నాలుగూ అప్పటికి నా ఇంట్లో నా బల్ల మీదే ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ చరిత్ర పుస్తకం లేకుండా నేను పాఠం చెప్పలేకపోయేవాణ్ని. ఆ ఏడుగురి రాతలు చూసే క్లాసులో గొప్పగా మాట్లాడేవాణ్ని. ఈ ఆదివారం ఇస్తాను, వచ్చే ఆదివారం ఇస్తాను అనుకుంటూ ఏళ్లు జరిపాను. ఆమె ఒక్కసారీ అడగలేదు. అట్టముక్క మాత్రం తీయలేదు.

ఇంతలో కాలేజికి గ్రేడు ఇచ్చే బృందం వస్తుందని హడావిడి మొదలైంది. నన్ను లైబ్రరీ కమిటీ కన్వీనర్‌ను చేశారు. గడిచిన ఐదేళ్లలో లైబ్రరీలో ఏమేం కార్యక్రమాలు జరిపారో ఫొటోలతో సహా పంపాలన్నారు. మా దగ్గర ఒక్కటీ లేదు. మాకున్న ఒకే ఒక్క కార్యక్రమం రిజల్ట్ ఆదివారం, అది కార్యక్రమమని మాలో ఎవరికీ తట్టలేదు.

ప్రిన్సిపాల్ నన్ను పిలిచి అన్నాడు, "ఐదు బ్యానర్లు కొట్టిచ్చిన. ఒక్క పూటల అయిపోవాలె. పిల్లలకు రెండేసి అంగీలు తెచ్చుకోమని చెప్పు."

ఐదేళ్లను ఒక పూటలో జరిపించాం. కొత్త విద్యార్థులకు లైబ్రరీ పరిచయం, పుస్తక ప్రదర్శన, పఠన దినం, గ్రంథాలయ వారోత్సవం, రచయితతో ముఖాముఖి. బ్యానరు మారినప్పుడల్లా ముందు వరుస వెనక్కి, వెనక వరుస ముందుకు. అంగీలు మార్చుకోవడానికి మగపిల్లలు బీరువాల వెనక్కి పోయేవాళ్లు. రచయిత ఎక్కడ దొరుకుతాడు? కామర్స్ లెక్చరర్ మామకు తెల్ల జుబ్బా, కండువా ఉన్నాయని ఆయన్ను పిలిపించాం. పాపం ఆయన నిజంగానే ఏదో మాట్లాడబోయాడు. ఫొటో అయిపోయిందని కూర్చోబెట్టాం.

ఐదింటిలోనూ లైబ్రేరియన్ ఉండాలి. నేనే వెళ్లి అడిగాను.

"మేడం, జర చీర మార్చుకుంటరా? ఐదేండ్ల ఫొటోలు గదా."

"మార్చ. ఐదేండ్లు ఒక్కటే చీర గట్టిందనుకుంటరు. అనుకోనియ్."

అదే నీలం గళ్ల చీరతో, రెండు చేతులు బల్ల మీద పెట్టి, ఐదు ఫొటోల్లోనూ సూటిగా నా కెమెరాలోకి చూసింది. ఆ బృందం ఆ ఫొటోలన్నీ తిరగేసింది. ఒక్కరూ చీర గమనించలేదు. ఆమె ఎవరైనా పట్టుకోవాలనే అలా కూర్చుందని నా అనుమానం.

బృందం రావడానికి వారం ముందు ప్రిన్సిపాల్ లైబ్రరీ చూసిపోయి, నన్ను మళ్లీ పిలిచాడు. "నంబరు లేని పుస్తకం ఒక్కటి కండ్లబడ్డా మార్కులు గోస్తరు. కిటికీ కాడి బీరువ ఖాళీ చేపియ్." నేను కాగితం మీద ఆర్డరు రాసి, కింద సంతకం చేసి ఆమె బల్ల మీద పెట్టాను. నోటితో చెప్పే ధైర్యం లేక రాశాను. ఆమె చదివి, మడిచి, సొరుగులో పెట్టుకుంది.

మూడో రోజు ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. అంతకుముందు ఆ గదిలో ఆమెను ఎవరూ చూడలేదు. ఒక చంకలో రిజిస్టరు, చేతిలో ముద్ర, సిరా పెట్టె. నా బల్ల ముందు నిలబడింది.

"బిడ్డా," అంది.

లెక్చరర్‌గా చేరిన తర్వాత ఆమె నన్ను అలా పిలవడం అదే మొదలు.

"పాస్టర్‌ను అడిగిన. మూడు దినాలు ప్రార్థన జేసుకున్న. ముద్ర గొడ్త. నంబర్లేస్త. దేవుడేమంటడో నేను జూస్కుంట. నువ్వు రిజిస్టర్ల సంతకం పెట్టు, సాలు. ఆ పుస్తకాలు పోతే పోరగాండ్లు ఆగమైతరు."

కన్వీనర్ సంతకం లేకుండా కొత్త నంబర్లు చెల్లవు. అది నా సంతకమే. నేను తల ఎత్తకుండా చెప్పాను.

"లైబ్రరీల ఎన్ని పుస్తకాలున్నయో పోయిన నెలనే రాసి పంపినం మేడం. ఇప్పుడు ఎక్కువ జూపిస్తే లెక్క తప్పుతది."

పక్క బల్ల దగ్గర ఎవరో పేపర్లు దిద్దుతున్నారు. ఆమె మెల్లగా అడిగింది.

"జరగనియి ఐదు రాస్తివి. ఉన్నయి రాయరాదా?"

రాయవచ్చు. సవరణ ఉత్తరం ఒకటి పంపితే అయిపోయేది. కానీ నా ఉద్యోగం పర్మినెంట్ చేసే ఫైలు అప్పుడు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. లెక్క మారిందంటే ఆయన ముఖం మారుతుంది. నేను భయపడ్డాను. దీనికి వేరే పేరు పెట్టను, అది పిరికితనం. సిమెంటు వాసన చూసి ఆమె ఇచ్చిన పుస్తకాలతో ఒక మనిషినైనవాణ్ని, ఆమె మొదటిసారి ఏదో అడిగితే, "ప్రిన్సిపాల్‌ను అడుగుండ్రి మేడం," అన్నాను.

ఆమె సిరా పెట్టె మూత మూసింది.

"మంచిది సార్."

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోతో చిత్తు కాగితాలు కొనే ఆయన వచ్చాడు. పుస్తకాలు దింపడానికి అటెండర్లను పంపితే ఆమె పంపించేసింది. ఒక్కో పుస్తకం తనే తీసి, నడిమి పేజీ తెరిచి, వాసన చూసి, సంచిలో పెట్టింది. అన్నింటినీ అలాగే. నేను వరండా స్తంభం పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నమైంది. రొట్టె తినలేదు.

"జల్దీ కానియ్ అమ్మా, ఇంకో తాన పోయేదుంది," అన్నాడాయన.

"కూసో జర."

ఆయన కూర్చుని ఒక పుస్తకం తిరగేశాడు. "మంచిగనే ఉన్నయ్ గదా, ఎందుకు పారేస్తున్నరు?"

"గా సార్‌ను అడుగు," అని నన్ను చూపించింది.

ఆయన నా వైపు చూశాడు. నేను ఫోను చూసుకున్నాను. బీరువా ఖాళీ అయ్యాక రెండో అరలో అట్టముక్క ఒక్కటి మిగిలింది. దాన్ని ఆమె తీయలేదు.

కాలేజికి మంచి గ్రేడే వచ్చింది. నేను పర్మినెంట్ అయ్యాను. గ్రేడు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, ఖాళీగా ఉంది కదా అని ఆ బీరువాలోనే పెట్టారు.

ఆ ఏడు కాలేజి తెరిచాక నాగల్‌గిద్ద నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంట్లో కన్నడం మాట్లాడుకుంటారు. అంతకుముందు చదువుకున్న ఊరమ్మాయి ఎవరో చెప్పి పంపింది. నేను లైబ్రరీలో పేపరు చదువుతున్నాను. "బా తంగీ, కూడు," అంది మేడం. రా చెల్లీ, కూర్చో అని. అటువైపు పిల్లలు వస్తే ఆమె వాళ్ల భాషలోనే మొదలుపెట్టేది.

"కొనలేనోల్లకు పుస్తకాలు ఇస్తరంట గదా మేడం. మా ఊరి అక్కకు గీడనే ఇచ్చిండ్రంట."

ఆమె నా వైపు చూడకుండానే చెప్పింది. "ఇప్పుడు కంప్యూటర్ల ఉన్నయ్ తల్లీ. ఆ సార్ జూపిస్తడు పో."

గ్రేడు కోసం తెచ్చిన కంప్యూటర్లు నాలుగు ఓ మూలన ఉన్నాయి. అందులో పుస్తకాలు ఉన్నాయట, తెరిచే పాస్‌వర్డు మాలో ఎవరికీ తెలియదు. రేపు రమ్మన్నాను. వచ్చింది. మళ్లీ రేపు అన్నాను. వచ్చింది. మూడు రోజులు వచ్చి నాలుగో రోజు రాలేదు. నెల తర్వాత క్లాసులో ఆమె గురించి అడిగితే వెనక నుంచి ఎవరో చెప్పారు, "పట్నం పోయింది సార్, వాల్లమ్మోల్లతోని పనికి." హాజరు పట్టీలో ఆమె పేరు మీద గీత కొట్టాను.

పట్నంలో ఆ పని ఎలా ఉంటుందో మా స్టాఫ్ రూములో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

తర్వాత ఏడాదికి మేడం రిటైరైంది. శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి ఆమె అన్నది ఇంతే, "బల్లులున్నయ్. పొద్దుగాల బీరువాలు తట్టుండ్రి." జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి బీరువాలు ఎవరూ తట్టలేదు.

పోయిన గురువారం ఆమె చనిపోయిందని కబురు వచ్చింది. మనూర్ దాకా బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్లాను. డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చోబోయి వెనక్కి వెళ్లాను. మట్టి వేసి వచ్చాను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆమె అన్న మాత్రం, "ఖేడ్ కాలేజీల సారా? మా చెల్లె మీ ముచ్చట చెప్తుండె," అన్నాడు. ఏం చెప్పేదో అడగలేదు.

సోమవారం లైబ్రరీలో సంతాప సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. వాసన సంగతి చెప్పాను, పిల్లలు నవ్వారు. ప్రథమ ఫలాల బీరువా సంగతి చెప్పాను, పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. చెబుతూ కళ్లు తుడుచుకున్నాను. అంతా చెప్పాను గానీ ఆ బీరువా ఎవరు ఖాళీ చేయించారో చెప్పలేదు. ఏడుపు వచ్చింది కానీ నిజం రాలేదు.

సభ అయ్యాక ప్రిన్సిపాల్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గీ ముచ్చట ఇన్ని రోజులు నాకు చెప్పనే లేదేందయ్యా? మస్తుగుంది. వచ్చే ఏడు మల్ల బృందం వస్తుంది గదా. మన కాలేజి ప్రత్యేకత అని దీన్నే రాయి. ఫొటో గూడ గావాలె."

"ఆ బీరువా ఖాళీ చేసినం గద సార్."

"అట్లనా? ఎవరు చేపిచ్చిండ్రు?"

నటన కాదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. "నాలుగు పుస్తకాలు పెట్టు," అన్నాడు. "క్యాలెండర్ అట్టలేసినయి పెట్టు. పిల్లలు ఎట్లైనా ఉన్నరు, ఫొటో ఇప్పుడే తీసెయ్యి."

క్యాలెండరు అట్టలేసిన నాలుగు పుస్తకాలు ఖేడ్ మొత్తంలో ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఇంటికి వెళ్లాను. సిలబస్ మారినప్పుడే వాటిని బల్ల మీద నుంచి తీసి ట్రంకు పెట్టెలో పెట్టేశాను. చరిత్ర పుస్తకం తెరిచి ముక్కుకు ఆనించాను. నాతో పట్నం తిరిగినప్పటి సిమెంటు వాసన ఎప్పుడో పోయింది. కలరా ఉండల వాసన వేస్తోంది.

తిరిగొచ్చి కిటికీ పక్క బీరువాలోంచి సర్టిఫికెట్ ఫ్రేము దించితే వెనక రెండో అరలో అట్టముక్క ఇంకా నిలబడే ఉంది. దాని పక్కన నాలుగు పుస్తకాలూ పెట్టాను. సరిగ్గా పట్టాయి. ఎన్నేళ్లకు తెచ్చాను. తెచ్చింది ఫొటోకు.

సంతాప సభ ఫ్లెక్సీ విప్పి పక్కన పెట్టారు. ఆ పిల్లలనే బీరువా ముందు నిలబెట్టాం. ఒక అమ్మాయి చేతిలో చరిత్ర పుస్తకం పెట్టి చదువుతున్నట్టు ఉండమన్నాను. ఫొటో అయిపోయింది, మిగతా వాళ్లు కదిలారు, ఆ అమ్మాయి కదల్లేదు. తల వంచి పేజీ అంచున రాసిన పెన్సిల్ రాతలు చదువుతోంది.

"సార్, గీ పేర్లెవరియి?"

"ఇంతకుముందు చదివినోల్లయి."

"ఆఖరుది మీ పేరే గదా."

"అవును."

"నేను తీస్కపోవచ్చా?"

"సిలబస్ మారిందమ్మా."

"మారితే ఏంది సార్. గీ పక్కన రాసినయి మంచిగ అర్థమైతున్నయ్."

నేను జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర నుంచి ప్రిన్సిపాల్ గొంతు వినిపించింది. "ఫొటో అయింది గదా, అవి తీసెయ్యి. ముద్ర లేని పుస్తకాలు లైబ్రరీల ఉండొద్దు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను చెయ్యి చాపాను. పుస్తకం మూసి ఇచ్చేసింది. నాలుగూ సంచిలో వేసుకున్నాను.

సాయంత్రం అదే సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని రిపోర్టు రాశాను. ప్రథమ ఫలాల బీరువా గురించి ఒక పేజీ, బాగా రాశాను. చివర ఒక వరుస ఉంది, ఈ సౌకర్యం ఇప్పుడు విద్యార్థులకు అందుబాటులో ఉందా అని. 'ఉంది' అని రాసి, కన్వీనర్ అన్న చోట సంతకం పెట్టాను. ఆమె అడిగిన సంతకం అదే.